షుగర్ వల్ల నరాలు దెబ్బతింటే మూత్రంపై అదుపు ఎందుకు తప్పుతుంది?

చాలాకాలంగా షుగర్ ఉన్న మీ నాన్నగారికి తెలియకుండానే బట్టల్లో మూత్రం పడుతోందని, డాక్టరుగారు నరాల సమస్య అన్నారని, మూత్రానికీ నరాలకూ సంబంధమేమిటని అడిగారు. ఇదే సమస్య ఉన్న మా అమ్మను కొన్నేళ్లుగా చూసుకుంటున్నాను కాబట్టి వివరంగానే రాస్తున్నాను.

మూత్రాశయం నిండుతోందన్న సమాచారం నడుము అడుగుభాగపు నరాల ద్వారా వెన్నుపాముకు, అక్కడి నుంచి మెదడుకు చేరుతుంది. మామూలుగా 150–200 మి.లీ. చేరేసరికి వెళ్లాలనిపించడం మొదలై, 400–500 మి.లీ. అయ్యేసరికి ఆపుకోవడం కష్టమవుతుంది. ఏళ్ల తరబడి షుగర్ ఎక్కువగా ఉంటే పాదాలు మొద్దుబారినట్టే ఈ నరాలూ మొద్దుబారతాయి. అప్పుడు నిండినా తెలియదు, వెళ్లి కూర్చున్నా మూత్రాశయ కండరం గట్టిగా ముడుచుకోదు. లోపల మిగిలినదానికి కొత్తది తోడై, నిండిన బిందె పొర్లినట్టు బొట్లుబొట్లుగా కారుతుంది.

కాబట్టి కారుతోందంటే మూత్రాశయం పట్టి ఉంచలేకపోతోందనే అనుకోకండి. అమ్మ బాత్రూమ్‌కి వెళ్లివచ్చిన వెంటనే స్కానింగ్ చేస్తే లోపల ఇంకా 350 మి.లీ. పైనే ఉంది, ఆవిడకు మాత్రం పొత్తికడుపులో బరువు కూడా తెలియలేదు. ఈ పరీక్ష తప్పనిసరిగా అడిగి చేయించండి. మాటిమాటికీ మూత్రం వచ్చేవారికి మూత్రాశయాన్ని వదులుచేసే మందులు ఇస్తారు. వాటిని ఇలాంటివారికి వాడితే మూత్రం ఇంకా నిలిచిపోవచ్చు. మగవారిలో మూత్రాశయం కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథి వాపు వల్ల కూడా ఇలాగే నిలుస్తుంది కనుక యూరాలజిస్టు రెండు కోణాల్లోనూ చూడాలి. మూత్రం నిలిచిపోతూ ఉంటే ఇన్‌ఫెక్షన్లు, కిడ్నీల వాపు వస్తాయి. కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష మానకండి.

అమ్మ ఇప్పుడు వెళ్లాలనిపించినా అనిపించకపోయినా గడియారం చూసి మూడు గంటలకొకసారి వెళ్తుంది, ఒకసారి పోశాక కాసేపాగి మళ్లీ ప్రయత్నిస్తుంది. పడుకోబోయే ముందు చేతులు సబ్బుతో కడుక్కొని, సన్నని గొట్టానికి (కాథెటర్) జెల్లీ రాసుకొని, మూత్రద్వారంలోంచి లోపలికి పెట్టుకొని, మిగిలిన మూత్రాన్ని తానే తీసేసుకుంటుంది. నర్సు నేర్పిన కొత్తలో అద్దం కావలసివచ్చేది, ఇప్పుడు అక్కర్లేదు. బట్టలు తడుస్తాయని భయపడి మన పెద్దవాళ్లు నీళ్లు తాగడమే మానేస్తారు, అది నాకు చాలా బాధ కలిగించే విషయం. దయచేసి మీ నాన్నగారిని అలా చేయనివ్వకండి.

నడుంనొప్పితో పాటు మలమూత్ర ద్వారాల చుట్టూ తిమ్మిరి, కాళ్లలో బలహీనత వచ్చి, మూత్రం హఠాత్తుగా బిగిస్తే మాత్రం అది షుగర్ వల్లేనని ఊరుకోకుండా అప్పటికప్పుడే అత్యవసర విభాగానికి తీసుకువెళ్లండి. వెన్నులోని నరాల కట్ట నొక్కుకుపోయి ఉంటే ఆపరేషన్ ఆలస్యమయ్యేకొద్దీ అదుపు తిరిగి వచ్చే అవకాశం తగ్గుతుంది.