టెక్ సందేహాలు: నోరు విప్పని పీడీఎఫ్, తెరుచుకోని సైటు

ప్రశ్న: మా తమ్ముడికి చూపు లేదు. లాప్‌టాప్‌లో ఎన్‌వీడీఏ (తెర మీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్) పెట్టుకుని గ్రూప్-2కి చదువుతున్నాడు. ఇంగ్లిష్ బాగానే చదివే ఆ సాఫ్ట్‌వేర్ తెలుగు నోట్స్ దగ్గర పిచ్చి అక్షరాలు పలుకుతోంది. కొన్ని పీడీఎఫ్‌లకైతే నోరే విప్పదు. దానికి తెలుగు రాదా?

జవాబు: వస్తుందండీ. అందులో ఉన్న ఈస్పీక్ గొంతు తెలుగు చదవగలదు. లోపం ఫైళ్లలో ఉంది. మన డీటీపీ సెంటర్లలో ఇంకా అను ఫాంట్లతో కంపోజ్ చేస్తుంటారు. తెర మీద తెలుగు కనిపిస్తున్నా లోపల ఉండేవి ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులే. స్క్రీన్ రీడర్ వాటినే చదువుతుంది. నోరు విప్పనివి స్కాన్ చేసిన బొమ్మలు, వాటిలో చదవడానికి అక్షరాలే ఉండవు.

రెండింటికీ మందు ఒకటే. పేజీలను జేపీజీలుగా మార్చి గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, గూగుల్ డాక్స్‌తో తెరవండి. బొమ్మ కింద యూనికోడ్ తెలుగు, అంటే కంప్యూటర్ కూడా తెలుగుగానే గుర్తించే అక్షరాలు, వస్తుంది. ఒత్తులు, అంకెలు అక్కడక్కడా తప్పుతాయి. పరీక్ష నోట్స్ కాబట్టి సంవత్సరాలను మీరు ఒకసారి సరిచూసి పెట్టండి.

నిజానికి ఈ చాకిరీ మీ నెత్తిన పడకూడదు. చదవగలిగే రూపంలో సమాచారం అందేలా చూసే బాధ్యతను 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 42వ సెక్షన్ ప్రభుత్వం మీద పెట్టింది. ఎన్‌వీడీఏను 2006లో మొదలుపెట్టిన ఆస్ట్రేలియా ప్రోగ్రామర్ మైకేల్ కరన్‌కు కూడా చూపు లేదు. అంత పని చేసి ఆయన దాన్ని ఉచితంగా ఇచ్చాడు. నోట్స్ అమ్ముకునేవాళ్లు యూనికోడ్‌లో టైప్ చేయించలేరా?

ప్రశ్న: పాత తెలుగు పుస్తకాలకు ఇంటర్నెట్ ఆర్కైవే (స్కాన్ చేసిన పుస్తకాలు ఉచితంగా దొరికే ఆన్‌లైన్ లైబ్రరీ) మాకు దిక్కు. 2017లో దాన్ని మన దేశంలో ఆపేశారని విన్నాను. సినిమా పైరసీకి మొత్తం సైటు మూయడమేమిటి? పైరసీ ఆగిందా?

జవాబు: ఆగలేదు. ఆ ఆగస్టులో మద్రాసు హైకోర్టు ఉత్తర్వులతో 2,600కు పైగా సైట్లను ఆపమన్నారు, ఆ జాబితాలో ఆర్కైవ్ కూడా పడింది. హెచ్‌టీటీపీఎస్ సైట్లలో (సమాచారాన్ని రహస్య లిపిలో పంపేవి) మీరు ఏ పేజీ చూస్తున్నారో నెట్ కంపెనీకి కనిపించదు, సైటు పేరు మాత్రమే తెలుస్తుంది. ఒక్క లింకును ఆపాలన్నా మొత్తం సైటునే మూయాల్సి వస్తుంది. పైరసీవాళ్లు పేరులో ఒకటి రెండు అక్షరాలు మార్చి మళ్లీ తెరుస్తారు. 2022లో వీడియోలు చూసుకునే వీఎల్‌సీ ప్లేయర్ సైటు నెలల తరబడి ఇక్కడ తెరుచుకోలేదు, ఆ యాప్ మాత్రం ప్లే స్టోర్‌లో ఎప్పటిలాగే దొరికింది.

నాకు బాధ ఎవరి గురించంటే, పై ప్రశ్నలోని తమ్ముడి లాంటివాళ్ల గురించి. లైబ్రరీలో అచ్చు పుస్తకం ఉన్నా వాళ్లకు లేనట్టే. ఆర్కైవ్‌లో స్కాన్ దొరికితే పైన చెప్పిన పద్ధతిలో చదివించుకోవచ్చు. కాపీరైట్ గడువు తీరిన పుస్తకాల్లో మీకు కావలసినవి ఇప్పుడే దించి హార్డ్‌డిస్క్‌లో పెట్టుకోండి. రేపు మళ్లీ అలాంటి ఉత్తర్వు వచ్చినా మీ చదువు ఆగదు.