గెలుపులు సమానమైనప్పుడు డివిజన్ ఎవరికి?

బేస్‌బాల్ పట్టికలో, మొదటి జట్టు కన్నా "ఎన్ని ఆటలు వెనుక" అనే ఒక్క గడినే చూడటం వల్ల మీ అంచనా తప్పి ఉండవచ్చు. 2022లో అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో ఒక డివిజన్ (జట్ల విభాగం) అయిన నేషనల్ లీగ్ ఈస్ట్‌లో అట్లాంటా బ్రేవ్స్, న్యూయార్క్ మెట్స్ రెండూ 101 గెలుపులు, 61 ఓటములతో ముగించినా డివిజన్ అగ్రస్థానం బ్రేవ్స్‌కే ఎందుకు దక్కిందని మీరు అడిగారు.

1. ముందుగా ఓటముల గడి చూడండి. మిగిలిన ఆటల్లో గెలుపులు చేరవచ్చు గాని, పడిన ఓటమి చెరగదు.

2. చాలామంది వదిలేసేది ముఖాముఖి లెక్క. 2022 నుంచి సమాన స్థితిని తేల్చడానికి, 162 ఆటల సీజన్‌కు అదనంగా 163వ ఆట ఆడించడం లేదు. పరస్పరం ఆడిన ఆటల్లో ఎక్కువ గెలిచిన జట్టుకే పైస్థానం ఇస్తున్నారు. ఆ సెప్టెంబరు 30న అట్లాంటాలో చివరి సిరీస్ మొదలయ్యేనాటికి మెట్స్ ఒక ఆట ముందుండటమే కాక, ముఖాముఖిలోనూ 9-7తో పైచేయిగా ఉన్నారు. మూడింటిలో ఒక్కటి గెలిచినా ఆ ఆధిక్యం వారిదే అయ్యేది. మూడూ ఓడటంతో అది 10-9గా బ్రేవ్స్‌కు మారింది. అందువల్ల డివిజన్ ఖాయం కావడానికి, మిగిలిన ఆటల్లో బ్రేవ్స్ గెలుపులు, మెట్స్ ఓటములు కలిపి రెండు కావలసిన చోట ఒక్కటే సరిపోయింది. ఆపై మెట్స్ వాషింగ్టన్ జట్టుపై మూడు ఆటలూ గెలిచినా ప్రయోజనం లేకపోయింది.

3. పరుగుల వ్యత్యాసం (చేసిన పరుగుల్లోంచి ఇచ్చిన పరుగులు తీసివేస్తే వచ్చేది) జట్టు బలాన్ని చెబుతుంది గాని, చివరి వారంలో దాన్ని నమ్ముకోవద్దు. 2021లో డాడ్జర్స్‌కు +269, జెయింట్స్‌కు +210 ఉండగా, 107-106 గెలుపులతో నేషనల్ లీగ్ వెస్ట్ డివిజన్ జెయింట్స్‌కే దక్కింది.