జీతం మాట ఇంగ్లిష్‌లో ఎలా ఎత్తాలి?

ప్రశ్న: బీకామ్ చదివాను. దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటూ ఒక ఆడిటర్ దగ్గర నెలకు 15 వేలకు పనిచేస్తున్నాను. ఈమధ్య హైటెక్ సిటీలో ఇంటర్వ్యూకి వెళ్తే అకౌంట్స్ ప్రశ్నలకు బాగానే చెప్పాను. జీతం దగ్గరికి వచ్చేసరికి ‘ఐ యామ్ టేకింగ్ లెస్ శాలరీ, ఐ వాంట్ బిగ్ శాలరీ’ అనేశాను. ఏడాదికి 4.2 లక్షల ఆఫర్ ఇచ్చారు. ఇంకా పెంచమని అడగొచ్చా? ఎలా అడగాలి?

జవాబు: తప్పకుండా అడగండి. మీ పనితనం నచ్చే ఆఫర్ ఇచ్చారు. పెంచమని మర్యాదగా అడిగితే ఎవరూ తప్పుగా అనుకోరు.

ముందు భాష సంగతి చూద్దాం. మనం జీతం ‘తీసుకుంటాం’ కాబట్టి ‘టేక్ శాలరీ’ అని నోటికొస్తుంది. అక్కడ ‘ఎర్న్’ వాడండి: ‘ఐ ఎర్న్ ఫిఫ్టీన్ థౌజండ్ ఎ మంత్’. తక్కువ జీతాన్ని ‘లెస్’ అనరు, ‘లో శాలరీ’ అంటారు. ఎక్కువైతే ‘హై శాలరీ’. అడిగేటప్పుడు మాత్రం ‘బెటర్ శాలరీ’ అంటే వినడానికి బాగుంటుంది.

ఇవి నాలుగు రోజుల్లో పట్టుబడతాయి. నా బెంగంతా ‘పే’ ముందు చేరే మాటల గురించే. ఆ మాట మారితే చేతికొచ్చే డబ్బు మారిపోతుంది.

మీ 4.2 లక్షలనే తీసుకోండి. అది సీటీసీ, అంటే కంపెనీ మీ మీద పెట్టే మొత్తం ఖర్చు. నెలకు 35 వేలు. అందులో 10 శాతం ‘వేరియబుల్ పే’ అనుకుందాం. పనితీరును బట్టి ఇచ్చే ఆ 3,500 నెలనెలా రాకపోవచ్చు. ‘బేసిక్ పే’, అంటే అలవెన్సులు కలపని మూల వేతనం 15 వేలయితే, దానిమీద 12 శాతం చొప్పున కంపెనీ కట్టే పీఎఫ్ 1,800. కొన్నేళ్లు పనిచేసి మానేసేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ కింద సుమారు 720 చూపిస్తారు. ఇవి పోగా మిగిలిన 28,980 మీ ‘గ్రాస్ పే’. అందులోంచి మీ వాటా పీఎఫ్ మరో 1,800, తెలంగాణ వృత్తిపన్ను 200 కోస్తారు. బ్యాంకులో పడేది దాదాపు 27 వేలు. దాన్నే ‘నెట్ పే’ అంటారు, ‘టేక్‌హోమ్ పే’ అన్నా అదే. మనవాళ్లు ‘ఇన్‌హ్యాండ్’ అనేదీ దీన్నే. పీఎఫ్ మీ ఖాతాలోనే జమవుతుంది కాబట్టి అది పోయిన డబ్బు కాదు. కానీ హాస్టల్ ఫీజు, మెట్రో ఛార్జీలు లెక్కేసుకోవాల్సింది ఆ 27 వేలలోంచే.

అందుకే ముందు ‘వాట్ విల్ మై టేక్‌హోమ్ పే బి?’ అని అడగండి. తర్వాత ‘ఈజ్ దేర్ ఎనీ రూమ్ టు నెగోషియేట్ ద ఫిక్స్‌డ్ పే?’ అనండి. ఫిక్స్‌డ్ పే అంటే వేరియబుల్ పోగా మిగిలే ఖాయమైన భాగం. ఇక్కడ ‘ఫిక్స్‌డ్’ అన్న మాట వదలకండి. ఉత్తినే ‘శాలరీ’ పెంచమంటే వేరియబుల్ పెంచి చూపించే వీలుంది. ఆడిటర్ దగ్గర మీరు జీఎస్టీ రిటర్నులు, టీడీఎస్ పనులు చేసి ఉంటే ఆ అనుభవం వెంటనే చెప్పండి. ఊరికే పెంచమనడం కంటే దానికి విలువెక్కువ.

చేరాక ఏటా పెరిగేదాన్ని ఇక్కడ ‘శాలరీ హైక్’, ‘ఇంక్రిమెంట్’ అంటారు. అమెరికా క్లయింట్లతో మాట్లాడేటప్పుడు ‘రెయిజ్’ అనండి, బ్రిటన్ వాళ్లయితే ‘పే రైజ్’ అంటారు.

హెచ్‌ఆర్ ఫోన్లో ఒప్పుకున్నా సరే, కొత్త అంకెలతో ఆఫర్ లెటర్ మెయిల్‌కి వచ్చేదాకా ఇప్పటి ఉద్యోగానికి రాజీనామా ఇవ్వకండి.