ఉచిత న్యాయ సహాయం మనకెలా వచ్చింది? లాయర్లు ఏమన్నారు?

1976లో 42వ సవరణతో రాజ్యాంగంలో ఉచిత న్యాయ సహాయం అందించాలని ప్రభుత్వానికి చెప్పే 39ఏ అధికరణ చేరింది. అసలు కదలిక 1979లో హుస్సేనారా ఖాతూన్ కేసుతోనే. పడాల్సిన గరిష్ఠ శిక్ష కంటే ఎక్కువకాలం విచారణ ఖైదీలుగానే బిహార్ జైళ్లలో మగ్గినవాళ్లున్నారని అప్పుడు బయటపడింది. 1987లో చేసిన న్యాయ సేవల అధికార సంస్థల చట్టం అమల్లోకి రావడానికి మాత్రం 1995 నవంబరు 9 దాకా పట్టింది! దాని 12వ సెక్షన్ ప్రకారం మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయ పరిమితి లేదు.

ఇక లాయర్లంటారా, మాటల్లో మద్దతుకు కొదవలేదు. ఉచిత సహాయం కేసులు వాదించే లాయర్లకిచ్చే ప్యానెల్ ఫీజు తక్కువ కావడంతో పేరున్న సీనియర్లు అటు తొంగిచూడటం అరుదు, బరువంతా జూనియర్ల మీదే. వ్యతిరేకత గట్టిగా కనిపించింది వేరేచోట: రాజీ కుదరకపోయినా ప్రజోపయోగ సేవల వివాదాలు చూసే శాశ్వత లోక్ అదాలత్‌లు తీర్పివ్వొచ్చని ఆ చట్టానికి 2002లో చేసిన సవరణను లాయర్ల నియంత్రణ సంస్థ బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా సుప్రీంకోర్టులో సవాలు చేసి, 2012లో ఓడిపోయింది.