తోడుకోని పాలకు డోసు పెంచితే ఎలా?

ప్రశ్న: మా ముర్రా గేదె ఈని 20 రోజులైంది. ఒక చన్ను వాచి, పాలల్లో తునకలు పడ్డాయి. మందుల షాపాయన చెప్పినట్టు ఆక్సీటెట్రాసైక్లిన్ రోజుకు 10 మి.లీ. చొప్పున రెండు రోజులు వేయించాం. మూడో రోజు పెన్సిలిన్ ఇంజెక్షన్‌కి మార్చి, యాంటీబయాటిక్ మాత్రలు కూడా ఇచ్చాడు. వాపు కాస్త తగ్గింది కానీ మేత, నెమరు లేవు. మంచి చన్నుల పాలు కూడా తోడుకోవడం లేదు. జబ్బు పాకిందా? డోసు పెంచాలా?
– ఒక రైతు, దుగ్గిరాల మండలం

జవాబు: పెంచొద్దు. ముందు ఆ మాత్రలు ఆపండి. పాలు తోడుకోనిది జబ్బు పాకి కాదు, మందు వల్ల. సూది మందు రక్తంలో కలిసి నాలుగు చన్నుల్లోకీ దిగుతుంది, మీ ఇంటి తోడులో ఉన్నదీ బ్యాక్టీరియానే కదా, అదీ చచ్చింది. పెద్దపొట్టలో గడ్డిని అరిగించే సూక్ష్మజీవుల మీద మాత్రలు నేరుగా పడ్డాయి, నెమరు అందుకే పోయింది. ఇంకా అనుమానముంటే నాలుగు చన్నుల పాలూ విడివిడిగా సీఎంటీ (పొదుగు వాపు పరీక్ష) ద్రావణంతో చూడండి, జిగురు కట్టినదే జబ్బు చన్ను.

ఇక ఆ 10 మి.లీ. లెక్క ఎక్కడిదండీ? సీసా మీద మి.లీ.కి 50 మి.గ్రా. అని ఉంటే, కిలో బరువుకు 5 మి.గ్రా. చొప్పున చూసినా 400 కిలోల గేదెకు 40 మి.లీ. కావాలి. పావు డోసుకు బ్యాక్టీరియా చావదు సరిగదా, మొండికెత్తుతుంది. పైగా ఆక్సీటెట్రాసైక్లిన్ బ్యాక్టీరియాని ఎదగనివ్వదు, పెన్సిలినేమో ఎదిగేటప్పుడు అది కట్టుకునే గోడని చెడగొట్టి చంపుతుంది. ఎదగనిది గోడెందుకు కడుతుంది? వెంటవెంటనే రెండూ ఇస్తే పెన్సిలిన్ పని మందగిస్తుంది. షాపాయనకేం, రెండు సీసాలు అమ్ముడయ్యాయి.

ఈరోజే పశువుల అంబులెన్స్ నంబరు 1962కి ఫోన్ చేసి డాక్టరుకు చూపించండి, పెన్సిలిన్ కొనసాగించాలో లేదో ఆయన చెబుతారు. నెమరు మొదలయ్యేదాకా దాణా సగానికి తగ్గించి పచ్చిగడ్డి, ఎండుగడ్డి పెట్టండి.

పాల సంగతి మాత్రం గట్టిగా చెబుతున్నా. మందు లేబుల్ మీద పాలు వాడకూడని గడువు రాసి ఉంటే అది, లేకపోతే 2012 నాటి కేంద్ర ప్రభుత్వ మందుల నిబంధన ప్రకారం కనీసం 7 రోజులు, ఆఖరి సూది నుంచి లెక్కపెట్టి నాలుగు చన్నుల పాలూ పారబోయండి. పాల కేంద్రంలో పోయొద్దు, దూడకు వేరే గేదె పాలు పట్టండి. కాస్తే పోతుందని ఇంట్లో వాడతారేమో, పోదు. పెన్సిలిన్ పడనివాళ్లకు కొంచెం తాగినా దద్దుర్లు రావచ్చు.

ఇంకోసారి చన్ను వాస్తే సూదికి ముందే, చన్ను స్పిరిట్‌తో తుడిచి, మొదటి ధారలు వదిలేసి, శుభ్రమైన సీసాలో పాలు పట్టి ఐస్‌లో పెట్టి డాక్టరుకివ్వండి, ఏ మందు పనిచేస్తుందో ల్యాబు చెబుతుంది. పాలు పిండాక చన్నులు పోవిడోన్ అయోడిన్‌లో ముంచి, అరగంట పడుకోనివ్వకుండా మేత వేయండి, చన్ను రంధ్రం అప్పటికిగానీ మూసుకోదు.