పంటెక్కిన కొబ్బరిచెట్లు

ప్రశ్న: అమలాపురంలో ఒక చిత్రప్రదర్శనకు వెళ్లాము. ఒక బొమ్మలో పంటు మీద మనుషులకు బదులు కొబ్బరిచెట్లు వరసగా నిలబడి గోదావరి దాటుతున్నాయి. కింద ‘అధివాస్తవిక చిత్రం’ అని రాశారు. ‘కలలాంటి బొమ్మ అంటే సరిపోదా?’ అన్నారు మా మామగారు. ఈ మాటకు అర్థమేమిటి? ఎక్కడ వాడాలి?
— ఒక పాఠకురాలు

జవాబు: మీ మామగారి మాట సగం నిజమండి. సర్రియలిజానికి తెలుగులో స్థిరపడిన పేరు అధివాస్తవికత. ఆ ఫ్రెంచి మాటను 1917లో అపొలినేర్ అనే కవి పుట్టించగా, 1924లో పారిస్‌లో ఆంద్రే బ్రెతాఁ అనే మరో కవి వెలువరించిన ప్రణాళికతో (మానిఫెస్టోతో) అది ఒక ఉద్యమానికి పేరయింది. మొదటి ప్రపంచయుద్ధంలో మతి చలించిన సైనికుల వార్డులో పనిచేసి, మనోవిశ్లేషకుడు ఫ్రాయిడ్ ఆలోచనలను ఒంటబట్టించుకున్న బ్రెతాఁ దృష్టిలో కల అబద్ధం కాదు, మెలకువ దాచిపెట్టే వాస్తవమే. ఆ పేరుకు ముందున్న ‘సుర్’కు ‘పైన’ అని అర్థం. అధిరోహణంలోని మన ‘అధి’ కూడా అటువంటిదే.

మీరు చూసిన బొమ్మనే తీసుకోండి. పంటు నిజమైన పంటే. చెట్లు కూడా, మట్టలు రాలిన చోట బోదె మీద మిగిలే గాట్లతో సహా, మన పెరటి చెట్లే అయి ఉంటాయి. అవి రేవు దాటడమే మెలకువలో జరగనిది. సాల్వడార్ డాలీ 1931లో వేసిన ప్రసిద్ధ చిత్రంలోనూ గడియారం మెత్తబడి కొమ్మకు వేలాడుతుందే తప్ప, అది గడియారమేనని గుర్తుపట్టలేకుండా పోదు. గుర్తుపట్టదగిన రూపమే లేకుండా రంగులూ గీతలూ మాత్రమే ఉంటే అది నైరూప్య చిత్రం. ఈ రెంటినీ కలిపేయడం పొరపాటు. వెన్నెల్లో తేలే మసక బొమ్మకు ‘స్వాప్నికం’ చాలు.

కొందరు ‘అతివాస్తవికత’ అని రాస్తారు. ‘అతి’ అంటే మితిమీరినది కనుక, ఫొటోను మించిన కచ్చితత్వంతో వేసిన బొమ్మకు ఆ మాట నప్పుతుందేమో గాని, దీనికి నప్పదు. బొమ్మ అధివాస్తవిక చిత్రం, లక్షణం అధివాస్తవికత, ఉద్యమం అధివాస్తవికవాదం. కవిత్వానికీ ఈ మాట చెల్లుతుంది. తెలుగులో శ్రీశ్రీ, శ్రీరంగం నారాయణబాబుల ప్రస్తావన లేకుండా ఈ చర్చ సాగదు.

వరద ఫొటో కింద ‘అధివాస్తవిక దృశ్యం’ అని రాయడం మాత్రం నాకు రుచించదు. వీధి అరుగుకు పడవ కట్టేసి ఉండడం బయటివారికి వింత గాని, గోదావరి లంకల్లో ఉండేవారికి అది వరద రోజుల వాస్తవం. ర్యాలి గ్రామంలోని గుడిలో ముందు విష్ణువుగా, వెనుక మోహినిగా కనిపించే ఏకశిలా విగ్రహానికీ ఈ పేరు పెట్టకూడదు: ఆ శిల్పి తన కలను కాదు, అందరికీ తెలిసిన పురాణకథను చెక్కాడు.