ఫోర్జ్ షాపులో చేరబోతున్న అమ్మలుకి

అమ్మలూ,

ఫోర్జ్ షాపులో, అదే కాల్చిన లోహాన్ని ప్రెస్సుతో నొక్కి ఆకారమిచ్చే చోట, ట్రెయినీగా తీసుకున్నారని మీ నాన్న ఫోన్ చేశాడు. అందులోనూ టైటానియం పని అన్నాడు, ఎంత సంతోషమేసిందో! నా సర్వీసంతా ప్రెస్సుల దగ్గరే గడిచింది కాబట్టి నాలుగు మాటలు రాస్తున్నాను.

మొదటి రోజు ప్రెస్ మీంచి చూపు తిప్పుకోలేవు. కడుపారా చూడు. కానీ అది ఎన్ని టన్నుల బలంతో నొక్కుతుందన్న లెక్క దగ్గరే ఆగిపోవద్దు. మన హైదరాబాద్‌లోని రక్షణ శాఖ లోహ పరిశోధనశాల డీఎంఆర్ఎల్‌లో 2000 టన్నుల ఐసోథర్మల్ ప్రెస్ ఉంది. జాగ్వార్, హాక్ విమానాలకు వాడే అడోర్ ఇంజిన్‌లో గాలిని నొక్కే కంప్రెసర్ డిస్కులు, ఐదు దశలవీ, టైటానియంతో దాని మీదే చేయగలిగామని 2021లో ప్రకటించారు. అసలు పనితనం డైలో, అంటే లోహానికి ఆకారమిచ్చే అచ్చులో ఉంది. మామూలు పద్ధతిలో ఎర్రగా కాలిన బిల్లెట్ (లోహపు దిమ్మ) చల్లటి డైకి తగలగానే పైపొర బిగుసుకుపోయి పగుళ్లిస్తుంది. ఐసోథర్మల్ ప్రెస్‌లో డైని కూడా బిల్లెట్‌కి దగ్గర వేడిలోనే ఉంచి, మెల్లగా నొక్కుతారు. అంత వేడిలో, అంత బరువు కింద తను ఆకారం చెడకుండా నిలబడే డై కావాలి. అందుకే దాన్ని వేడికి తట్టుకునే మిశ్రలోహం, సూపర్ అల్లాయ్‌తో పోస్తారు. నువ్వు డై షాపుకి కూడా వెళ్లి కూర్చో, ఎవరూ పొమ్మనరు.

వేడి విషయంలో మొండిగా ఉండు. ఎక్కువగా వాడే 6-4 టైటానియం (6 శాతం అల్యూమినియం, 4 శాతం వనేడియం కలిపింది) 995 డిగ్రీల చుట్టుపక్కల దాటిందంటే లోపలి నిర్మాణమే మారిపోతుంది. ఉత్తినే చల్లార్చితే పాత నిర్మాణం తిరిగి రాదు. ఫర్నేస్ డిస్‌ప్లే చూపేది వేడి కొలిచే థర్మోకపుల్ ఉన్న చోటి వేడి, బిల్లెట్ నడిమధ్యది కాదు. థర్మోకపుల్ ఎక్కడ పెట్టారు, బిల్లెట్‌ని ఆ వేడిలో ఎంతసేపు నాననిచ్చారు అని అడుగు. టార్గెట్ టెన్షన్‌లో ఎవరైనా విసుక్కున్నా సరే, అడుగు.

అన్నిటికంటే ముఖ్యం హీట్ నంబరు, అంటే లోహాన్ని ఏ విడతలో కరిగించారో చెప్పే నంబరు. 1989 జులైలో అమెరికాలోని సూ సిటీలో యునైటెడ్ 232 విమానం కూలి 112 మంది పోయారు. తోక ఇంజిన్‌లో టైటానియం ఫ్యాన్ డిస్క్ పగిలింది. 1971లో లోహం కరిగించినప్పుడే నైట్రోజన్ పట్టిన గట్టి మచ్చ ఒకటి అందులో చిక్కుకుపోయింది. అక్కడ మొదలైన పగులు ఏళ్ల తరబడి పెరిగింది. 1988 ఫిబ్రవరి తనిఖీలో పట్టుకోగలిగినంత పెద్దదై కూడా దొరకలేదు. దర్యాప్తువాళ్లు పాత కాగితాలు తిరగేస్తే ఒకే సీరియల్ నంబరు మీద రెండు డిస్కులు కనిపించాయి! ఏ ఇంగాట్ (కరిగించి పోసిన దిమ్మ) నుంచి ఏది వచ్చిందో తేల్చుకోవడానికి నానా తిప్పలు పడ్డారు. అందుకే చెబుతున్నా, ముక్క కోసిన ప్రతిసారీ నంబరు రెండు ముక్కల మీదా పడాలి, అదీ కోయకముందే. పంచ్ కొట్టడం హెల్పర్ పనే కావచ్చు, పక్కన నిలబడి చదవాల్సింది మాత్రం నువ్వు. షిఫ్ట్ చివర గుర్తు తెచ్చుకుని లాగ్‌బుక్ రాసేవాళ్లుంటారు. నువ్వు ఆ జాబితాలో చేరొద్దు.

నంబరు చెరిగిన ముక్క కనిపిస్తే గ్రైండర్ మీద ఒకసారి తాకించి చూపమను. టైటానియం రవ్వలు కళ్లు జిగేల్‌మనే తెల్లగా లేస్తాయి, ఉక్కువి పసుపు పచ్చగా ఉంటాయి. ఏ లోహమో తెలిసినా ఏ హీట్‌దో తెలియదు కాబట్టి దాన్ని పక్కన పెట్టేయడమే, ఎంత ఖరీదైనదైనా. టైటానియం పొడి ఇట్టే అంటుకుంటుంది, నీళ్లు పోస్తే ఇంకా ప్రమాదం. ఆ మంట ఆర్పడానికి వాడే పొడి ఎక్కడ పెట్టారో చేరిన రోజే చూసుకో.

ఆపరేటర్లని అన్నా అని పిలువు, డిగ్రీ పక్కన పెట్టి నేర్చుకో. ప్రెస్ శబ్దం మారితే గేజ్ కంటే ముందు వాళ్లకే తెలుస్తుంది.

పాలిస్టర్ చున్నీలు, కుర్తాలు ఇంట్లోనే వదిలెయ్, షాపులోకి కాటన్ మాత్రమే. సేఫ్టీ షూస్ సరైన సైజు ఇచ్చేదాకా స్టోర్స్‌వాళ్లని వదలకు. చేరాక అక్కడి ప్రెస్ ఎలాంటిదో, డై ఎంత వేడి చేస్తున్నారో నాకు రాయి.

మీ పెదనాన్న